గాలి 250 డిగ్రీలు 8 నాట్లు, రన్‌వే తడి: కోజికోడ్ 2020 కేసులో వాతావరణ సమాచారం మీటర్లలోకి మారని తీరు

2020 ఆగస్టు 7 రాత్రి దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 1344కి కోజికోడ్ టవర్ ఇచ్చిన ల్యాండింగ్ క్లియరెన్స్‌ చిన్నది. గాలి 250 డిగ్రీల నుంచి 8 నాట్లు (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు), తేలికపాటి వాన, రన్‌వే ఉపరితలం తడి, రన్‌వే 10 మీద దిగవచ్చు. విడివిడిగా చూస్తే ఇందులో పరిమితి దాటిన అంకె ఒక్కటీ లేదు. కాసేపటికే ఆ బోయింగ్ 737-800 రన్‌వే చివర దాటిపోయి, గుట్ట అంచు నుంచి సుమారు 110 అడుగుల కిందికి పడి మూడు ముక్కలైంది. విమానంలో ఉన్న 190 మందిలో 21 మంది చనిపోయారు. ఇద్దరు పైలట్లూ వారిలో ఉన్నారు.

విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీ 2021లో విడుదల చేసిన తుది నివేదిక ప్రధాన కారణాన్ని కాక్‌పిట్‌లోనే చూపింది. స్థిరంగా లేని అప్రోచ్‌ను, అంటే దిగే క్రమాన్ని, కొనసాగించడం, టచ్‌డౌన్ జోన్ దాటి సగం రన్‌వే అయ్యాక దిగడం, కో-పైలట్ 'గో అరౌండ్' (దిగకుండా మళ్లీ పైకి లేపమని) అన్నా కెప్టెన్ వినకపోవడం, కో-పైలట్ కంట్రోల్స్ తీసుకుని పైకి లేపకపోవడం. ఆ తీర్పులో తప్పు పట్టాల్సింది లేదు. అయితే అదే నివేదిక వెనక పేజీల్లో సహాయక కారణాలుగా చెప్పిన విషయాలు గాలి సెన్సర్, మెట్ (వాతావరణ) ఆఫీసర్, రన్‌వే మార్పు, క్యూఎన్‌హెచ్ (ఎత్తు చూపే ఆల్టిమీటర్‌ను సరిచేసుకునే గాలి పీడనపు అంకె). చిన్న ఎయిర్‌పోర్టుల్లో టవర్, మెట్ ఆఫీసు, డిస్పాచ్ పనుల్లో ఉన్నవాళ్లు నేర్చుకోవాల్సిందంతా అక్కడే ఉంది. ఈ కేస్ స్టడీ ఆ భాగానికే పరిమితం.

ముందు ఎయిర్‌పోర్టు గురించి. కోజికోడ్ ఎయిర్‌పోర్టు కరిపూర్ గుట్ట మీద ఉన్న టేబుల్‌టాప్, అంటే చుట్టూ వాలు, పైన చదునుగా ఉన్న చోటు. ఒకటే రన్‌వే, 10/28, అంటే ఒక వైపు నుంచి వస్తే 10, ఎదురు వైపు నుంచి వస్తే 28. ఒకప్పుడు పొడవు 2860 మీటర్లు. చివర్లలో భద్రతా ప్రాంతాన్ని, అంటే రెసాను, 240 మీటర్లకు పెంచడానికి రన్‌వేను 2700 మీటర్లకు తగ్గించారు. 2020లో రన్‌వే చివర నుంచి 60 మీటర్ల స్ట్రిప్, ఆ తర్వాత 240 మీటర్ల రెసా, ఆ తర్వాత లోయ. మైదానంలో ఉన్న ఎయిర్‌పోర్టులో రన్‌వే దాటిన విమానం బురదలో కూరుకుపోయి ఆగొచ్చు. ఇక్కడ అప్పుడు ఆ 300 మీటర్లే చివరి అవకాశం.

ఆ సాయంత్రం వాడుకలో ఉన్న రన్‌వే 28. గాలి పడమర వైపు నుంచి వస్తోంది కాబట్టి 28 మీద దిగితే ఎదురు గాలి, 10 మీద దిగితే వెనక గాలి. విమానం మొదట 28 మీదే ఐఎల్‌ఎస్ (రేడియో సంకేతాలతో దారి చూపే వ్యవస్థ) అప్రోచ్ చేసింది. కెప్టెన్ వైపు అద్దం వైపర్ కొన్ని సెకన్లు పనిచేసి ఆగిపోవడంతో ఆ అప్రోచ్ వదిలేసి పైకి లేచారు. ఈలోగా బయల్దేరుతున్న ఎయిర్ ఇండియా 425 తనకు రన్‌వే 10 కావాలని అడిగింది. టవర్ కంట్రోలర్ రన్‌వే మార్చారు. 1344ని కూడా 10 వాడతారా అని అడిగారు. సిబ్బంది గాలి, విజిబిలిటీ వివరాలు అడిగి తెలుసుకుని ఒప్పుకున్నారు. విజిబిలిటీ 2000 మీటర్లు అని చెప్పారు.

ఇప్పుడు గాలి అంకెను విప్పి చూద్దాం.

మెటార్‌లో, అంటే ఎయిర్‌పోర్టు వాతావరణ నివేదికలో, '25008కేటీ' అని ఉంటే అది పది నిమిషాల సగటు, దిక్కు భౌగోళిక ఉత్తరం నుంచి లెక్క. టవర్ రేడియోలో చదివేది రెండు నిమిషాల సగటు, అయస్కాంత ఉత్తరం నుంచి లెక్క. దక్షిణ భారతంలో ఈ రెండు ఉత్తరాల తేడా ఒకటి రెండు డిగ్రీలే కాబట్టి దిక్కు విషయంలో గొడవ లేదు. సగటు కాలం విషయంలో మాత్రం ఉంది. ఉరుములతో కూడిన వానలో పది నిమిషాల సగటు అసలు కథను చదును చేసేస్తుంది. పైగా గస్ట్ (ఒక్కసారిగా వచ్చే గాలి విసురు) అనే మాట నివేదికలోకి రావాలంటే సగటు కన్నా కనీసం 10 నాట్లు ఎక్కువ నమోదు కావాలి. సగటు 8 ఉన్నప్పుడు గాలి మధ్యమధ్యలో 16కి వెళ్లొచ్చినా నివేదికలో 8 అనే కనిపిస్తుంది, ఆ నివేదిక నిబంధనల ప్రకారం సరైనదే.

రన్‌వే 10 దిశ సుమారు 100 డిగ్రీలు. దాని మీద నేరుగా వెనక నుంచి వచ్చే గాలి 280. 250కి, 280కి తేడా 30 డిగ్రీలు. 30 డిగ్రీల కొసైన్ 0.87. ఎనిమిదిని దానితో గుణిస్తే వెనక గాలి దాదాపు 7 నాట్లు, పక్క గాలి 4 నాట్లు. చాలా జెట్‌లకు వెనక గాలి పరిమితి 10 నాట్లు, కొన్నిటికి 15 వరకు అనుమతి ఉంటుంది. ఏడు పరిమితిలోనే ఉంది.

కానీ ఫ్లైట్ రికార్డర్ ప్రకారం టచ్‌డౌన్ సమయానికి వెనక గాలి 14 నాట్లు. టవర్ చెప్పిన గాలి నుంచి లెక్కకట్టినదానికి దాదాపు రెట్టింపు. భూమి మీద వేగం 165 నాట్లు.

ఆ ఏడు నాట్ల తేడా ఎక్కడిది? నివేదిక ఇచ్చిన జవాబు సూటిగా ఉంది. రన్‌వే 10 వైపు గాలి సెన్సర్‌ను నిబంధనలకు విరుద్ధంగా అమర్చారు, అందుకే చెప్పిన గాలి కచ్చితత్వం దెబ్బతింది. నిర్వహణ సరిగా లేక అది తరచూ పాడవడం దానికి తోడైంది. గాలి సెన్సర్‌కి పాటించాల్సిన ప్రమాణం పెద్ద రహస్యం కాదు. నేల నుంచి 10 మీటర్ల ఎత్తు, టచ్‌డౌన్ జోన్‌లో వీచే గాలిని చూపగలిగే చోటు, చుట్టుపక్కల ఏదైనా అడ్డు ఉంటే దాని ఎత్తుకి కనీసం పది రెట్ల దూరం. ఆరు మీటర్ల షెడ్డు పక్కనుంటే సెన్సర్ దానికి 60 మీటర్ల అవతల ఉండాలి. చెట్టు పెరిగితే లెక్క మారుతుంది. ఇదే చాలా చోట్ల మరిచిపోయే సంగతి. అమర్చిన రోజు సరిగ్గా ఉన్న మాస్ట్ (సెన్సర్ స్తంభం) పదేళ్లకు పెరిగిన తుమ్మ, యూకలిప్టస్ మధ్య చిక్కుకుని, గాలిని తక్కువ చూపిస్తూ ఉంటుంది. కాలిబ్రేషన్ సర్టిఫికెట్ మాత్రం బాగానే ఉంటుంది, ఎందుకంటే పరికరంలో లోపం లేదు, చోటులోనే ఉంది. టేబుల్‌టాప్ మీద ఇంకో చిక్కు, గుట్ట అంచు దగ్గర పైకెక్కే గాలి వేగం, దిక్కు రెండూ మారతాయి. ఒక చివర సెన్సర్ చూపేది రెండో చివరకు వర్తించకపోవచ్చు.

అందుకే రన్‌వే రెండు చివర్లలో సెన్సర్లు ఉన్నచోట టవర్ ఏది చదువుతోందో తెలియాలి. ఒకటి పాడైనప్పుడు రెండోదాని అంకెనే మౌనంగా చదివేస్తే పైలట్‌కి తేడా తెలీదు. 'రన్‌వే 10 సెన్సర్ పనిచేయడం లేదు, గాలి 28 చివర నుంచి' అని ఒక్క వాక్యం కలపడానికి మూడు సెకన్లు పడుతుంది. గాలి సంచిని అంటే విండ్‌సాక్‌ను టవర్ నుంచి కంటితో చూసి తెరమీద అంకెతో పోల్చడం కూడా ప్రతి గంటా చేయదగ్గ పనే. రాత్రి వానలో అది కనిపించదు, కాబట్టి ఆ పోలిక పగలే చేసి తేడా ఉంటే లాగ్‌లో రాయాలి.

ఇక మీటర్లు. ఇక్కడే ఈ కేసు అసలు పాఠం ఉంది కాబట్టి కాస్త ఓపిగ్గా లెక్క వేద్దాం.

విమానం నేలను తాకింది రన్‌వే మొదలు నుంచి 4438 అడుగుల దగ్గర, అంటే 1353 మీటర్లు. మిగిలింది 1347 మీటర్లు. 165 నాట్లంటే సెకనుకి 85 మీటర్లు. రన్‌వే చివర దాటినప్పుడు వేగం 84.5 నాట్లు, సెకనుకి 43.5 మీటర్లు. ఈ రెండు వేగాలు, మధ్య దూరం తెలిస్తే సగటు వేగ క్షీణత వస్తుంది. ఒక్కో సెకను గడిచేకొద్దీ వేగం సెకనుకి దాదాపు 2 మీటర్ల చొప్పున తగ్గింది. ఇది విమాన తయారీదారు పట్టిక కాదు, మోటు సగటు. కానీ వేర్వేరు పరిస్థితుల్ని పోల్చడానికి సరిపోతుంది.

అదే క్షీణతతో 165 నాట్ల నుంచి పూర్తిగా ఆగాలంటే సుమారు 1830 మీటర్లు కావాలి. చెప్పిన గాలి నిజమై, వెనక గాలి 7 మాత్రమే ఉంటే నేల మీద వేగం 158 నాట్లు, ఆగడానికి 1680 మీటర్లు. ఇక నిజంగా ఉన్న గాలే రన్‌వే 28 మీద 14 నాట్ల ఎదురు గాలి అవుతుంది. నేల మీద వేగం 137 నాట్లు, ఆగడానికి 1260 మీటర్లు.

ఇప్పుడు టచ్‌డౌన్ చోటును కలుపుదాం. టచ్‌డౌన్ జోన్ అంటే రన్‌వేలో మొదటి మూడో వంతు లేదా 3000 అడుగులు, ఏది తక్కువైతే అది. ఇక్కడ 900 మీటర్లు. జోన్ చివర దిగినా 165 నాట్లతో 900 కలిపి 1830, మొత్తం 2730. రన్‌వే కన్నా 30 మీటర్లు ఎక్కువ, స్ట్రిప్‌లోనే ఆగేది. అదే 28 మీద సగం దాటాక దిగినా 1353 కలిపి 1260, మొత్తం 2613. రన్‌వే మీదే ఆగేది.

ఈ లెక్కలో కారణాల బరువు తేలుతుంది. రన్‌వే దిశ ఎంపిక విలువ దాదాపు 570 మీటర్లు. టచ్‌డౌన్ జోన్ దాటి దిగడం విలువ 450 మీటర్లు. సెన్సర్ తప్పు విలువ 150 మీటర్లు. సెన్సర్ లోపం ఒక్కటే ఈ విమానాన్ని కింద పడేయలేదు. కానీ 7 అన్న అంకె రన్‌వే 10ని ఒప్పుకోదగ్గదిగా చూపించింది, 14 అని చెప్పి ఉంటే ఆ ప్రశ్నకి జవాబు వేరే ఉండేది. ఆ 570 మీటర్ల నిర్ణయానికి దారి తీసింది ఆ అంకే.

తేలడం గురించి ఒక మాట. 165 నాట్లతో, నేలను తాకకుండా రన్‌వే మీద తేలుతున్న ప్రతి సెకనూ 85 మీటర్లు మింగేస్తుంది. వెనక గాలిలో ఇది మామూలు కన్నా ఎక్కువగా జరుగుతుంది. నేలకు దగ్గరయ్యే కొద్దీ వెనక గాలి తగ్గుతుంది, గాలిలో విమాన వేగం ఆ మేరకు పెరుగుతుంది, విమానం దిగనంటుంది. గ్లైడ్‌స్లోప్, అంటే దిగే వాలు దారి, మీద ఉండాలంటే కిందికి దిగే వేగం కూడా ఎక్కువ కావాలి. 3 డిగ్రీల దారిలో నేల మీద వేగాన్ని ఐదుతో గుణిస్తే నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలో వస్తుంది. 165కి అది 825, 137కి 685. వెనక గాలిలో స్థిరమైన అప్రోచ్‌కి ఉండాల్సిన వెసులుబాటు మొదట్లోనే సన్నబడిపోతుంది.

'తడి' అనే మాట సంగతి. 2020లో రన్‌వే స్థితి ఆ ఒక్క మాటతోనే వెళ్లింది. నీరు 3 మిల్లీమీటర్ల లోపు ఉంటే తడి, దాటితే నిలిచిన నీరు. బ్రేకుల దృష్టిలో ఇవి రెండు వేర్వేరు రన్‌వేలు. టైరు పీడనం 200 పీఎస్‌ఐ ఉంటే దాని వర్గమూలాన్ని తొమ్మిదితో గుణించగా వచ్చే 127 నాట్ల పైన నిలిచిన నీటి మీద చక్రం జారిపోయే ప్రమాదం ఉంది. 2021 నవంబర్ 4 నుంచి ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) కొత్త రిపోర్టింగ్ పద్ధతి అమల్లోకి వచ్చింది. రన్‌వేను మూడు భాగాలు చేసి ఒక్కోదానికి 6 నుంచి 0 వరకు కోడ్ ఇస్తారు. పొడి 6, తడి 5, రబ్బరు పట్టి జారేలా ఉన్న తడి 3, నిలిచిన నీరు 2. '5/5/2' అని వింటే చివరి మూడో వంతులో నీరు నిలిచిందని, ఆలస్యంగా దిగితే బ్రేకు దొరకదని పైలట్‌కి అప్పటికప్పుడే అర్థమవుతుంది. ఈ కోడ్ విలువంతా అది ఎంత తాజాగా ఉందన్న దాని మీదే. గట్టి జల్లు పడ్డాక మళ్లీ జీపు వేసుకుని రన్‌వే మీదికి వెళ్లి చూడకపోతే గంట క్రితం 5 ఇప్పటికీ 5 అని చదువుతూ ఉంటారు.

మెట్ వైపు ఏం జరిగింది? ఆ సమయానికి ఎయిర్‌పోర్టుకి ఒకేసారి రెండు వాతావరణ హెచ్చరికలు అమల్లో ఉన్నాయి. అలాంటప్పుడు టవర్ మెట్ ఆఫీసర్ టవర్‌లోనే ఉండి మారుతున్న పరిస్థితి కంట్రోలర్‌కి చెప్పాలి. ఆయన అక్కడ లేరని, చురుగ్గా వ్యవహరించలేదని నివేదిక రాసింది. కంట్రోలర్ వెనక గాలి గురించి 1344ని హెచ్చరించలేదు, మారిన క్యూఎన్‌హెచ్ కూడా చెప్పలేదు. క్యూఎన్‌హెచ్‌లో ఒక హెక్టోపాస్కల్ తేడా అంటే ఆల్టిమీటర్‌లో 27 అడుగులకు పైనే. ఒక్కటైతే పెద్ద విషయం కాదనిపిస్తుంది, కానీ వానలో రాత్రి, దిగాలా వద్దా తేల్చుకునే నిర్ణయపు ఎత్తు దగ్గర 27 అడుగులు ఎవరూ వదులుకోరు.

మెటార్ అరగంటకొకసారి వస్తుంది. మధ్యలో పరిస్థితి మారితే స్పెసి, అంటే ప్రత్యేక నివేదిక, ఇవ్వాలి. గాలికి సంబంధించి స్పెసి ప్రామాణిక షరతులేమిటంటే, సగటు వేగం 10 నాట్లు మారాలి, లేదా వేగం 10 దాటి ఉన్నప్పుడు దిక్కు 60 డిగ్రీలు మారాలి. గమనించాల్సిందేమంటే, వెనక గాలి 7 నుంచి 14కి పెరిగినా ఈ షరతు తాకదు. రూలు ప్రకారం మౌనంగా ఉన్నా తప్పు కాదు. అయితే అదే ఐకావో నిబంధన ఇంకో దారి ఇచ్చింది. రన్‌వే మార్చాల్సివచ్చే గాలి మార్పుకీ, అక్కడ తిరిగే విమానాల వెనక గాలి, పక్క గాలి పరిమితులకీ స్థానికంగా హద్దులు పెట్టుకోవాలి, మెట్, ఏటీసీ (విమాన రాకపోకల నియంత్రణ), ఎయిర్‌లైన్లు కూర్చుని వాటిని ఖరారు చేసుకోవాలి అని. చాలా చిన్న ఎయిర్‌పోర్టుల్లో ఈ కాగితం ఉండదు, ఉన్నా ఎవరి బల్ల మీదా ఉండదు. ఈ కేసు చదివాక మొట్టమొదట చేయాల్సిన పని అదే.

రన్‌వే మార్పు కంట్రోలర్ వైపు నుంచి చూస్తే అర నిమిషం పని. బయల్దేరే విమానం అడిగింది, ట్రాఫిక్ తక్కువ, ఇచ్చేశారు. అదే మార్పు దిగుతున్న విమానానికి ఏం చేస్తుందన్నది ఆ అర నిమిషంలో తోచలేదని నివేదిక సారాంశం. టేకాఫ్‌కి అనుకూలమైన దిశ ల్యాండింగ్‌కి అనుకూలం కానక్కర్లేదు. మార్చేముందు గాలిని రెండు దిశల్లో విడదీసి చెప్పడం, 'మీకు రన్‌వే 10 మీద వెనక గాలి 7, 28 మీద ఎదురు గాలి 7, రన్‌వే తడి' అని అంకెల్ని విడదీసి రేడియోలో వినిపించడం, నిర్ణయాన్ని పైలట్‌కి వదిలేస్తూనే దాని ధర కళ్లముందు పెడుతుంది. డిగ్రీల్లో చెప్పిన గాలిని తుపాను మబ్బుల మధ్య, పాడైన వైపర్‌తో ఉన్న మనిషి మనసులో లెక్క కట్టుకోవాలని ఆశించకూడదు.

కాక్‌పిట్ వైపు కూడా పట్టిక సిద్ధంగానే ఉంది. బయల్దేరేముందు ప్లాన్‌లో, జెట్‌కి కొలిచి పెట్టిన ల్యాండింగ్ దూరం రన్‌వేలో 60 శాతం లోపు ఉండాలి, తడి ఉంటే అవసరమైన దూరానికి ఇంకో 15 శాతం కలపాలి. 2700 మీటర్ల రన్‌వేకి ఇది దాదాపు 1410 మీటర్ల అసలు దూరం అవుతుంది. దిగేముందు గాలి, రన్‌వే స్థితి తీసుకుని మళ్లీ లెక్కకట్టి 15 శాతం కలపాలి. ఈ రెండో లెక్కే ప్రాణం. రన్‌వే మారితే మొదటి లెక్క పనికిరాదు, అప్పటికప్పుడు మళ్లీ చేయాల్సిందే.

2010 మే 22న మంగళూరులో 158 మంది చనిపోయిన ప్రమాదంలో గాలి లేదు, విజిబిలిటీ 6 కిలోమీటర్లు. అక్కడా టేబుల్‌టాప్, అక్కడా ఆలస్యంగా తాకడమే. వాతావరణం బాగుంటే ఇది జరగదని అనుకునేవాళ్లు ఆ కేసు పక్కన పెట్టి చూడాలి. వాతావరణం చెడ్డ రోజు మాత్రం తప్పు చేసే చోటు తగ్గిపోతుంది.

తెలుగు నేల మీద ఇది ఎలా వాడాలి? రాజమహేంద్రవరంలో మధురపూడి రన్‌వే 05/23. నైరుతి రుతుపవనాల్లో గాలి ఎక్కువగా 23కి అనుకూలం. 05 మీద దిగే విమానానికి నేరుగా వెనక నుంచి వచ్చేది 230 గాలి. అక్కడ 230 నుంచి 10 నాట్లంటే వెనక గాలి మొత్తం 10. 200 లేదా 260 నుంచైతే 12 నాట్లకే అది 10 దాటుతుంది. దాదాపు 10కి చేరాలంటే 275 నుంచి 14 నాట్లు ఉండాలి, 290 నుంచి 20. ఈ నాలుగు జతలు చేతి అట్ట మీద రాస్తే కొసైన్ పట్టిక తెరవాల్సిన పని లేదు. ఏటీఆర్ (చిన్న ప్రొపెల్లర్ విమానం) తిరిగే చోట ఇంకో సంగతి కలపాలి. 110 నాట్లతో దిగే విమానానికి 10 నాట్ల వెనక గాలి ఆగే దూరాన్ని 19 శాతం పెంచుతుంది, 140తో దిగే జెట్‌కి 15 శాతం. నెమ్మదిగా దిగే విమానానికి గాలి దెబ్బ శాతంలో ఎక్కువ.

ఆ అట్ట మెట్ ఆఫీసులో, టవర్‌లో, డిస్పాచ్ బల్ల మీద ఒకే ప్రతిగా ఉండాలి. దాని మీద ల్యాండింగ్‌కి దొరికే పొడవు కూడా రాయాలి. పనులు జరుగుతున్నప్పుడు నోటామ్‌తో, అంటే పైలట్లకు ఇచ్చే అధికారిక ప్రకటనతో, పొడవు తగ్గుతుంది, ఆ రోజు పాత పొడవు ఉన్న అట్టతో లెక్క వేస్తే మొత్తం తప్పుతుంది. షిఫ్ట్ ఎక్కగానే ముందు నోటామ్‌లో ఎల్‌డీఏ (ఆ దొరికే పొడవు) చూసి, అట్ట మీద పెన్సిల్‌తో సరిచేసి, ఆ తర్వాతే మొదటి మెటార్ చదవాలి.